డామినో ఆట: బిళ్ళలు కలుపువారెవరు?

చదరంగము, పులిజూదము, దాడి మున్నగు ఆటలు ఒక జాతివి. వానియందు దాచుటకేమియు లేదు. పటముమీద నున్నదంతయు ఇద్దరికిని కనిపించుచునే యుండును. పేకాట, డామినోలు వేరొక జాతికి చెందినవి. వీనియందు ఎవరి ముక్కలు వారికే తెలియవలెను. ఎదుటివానికి తెలిసినచో ఆట చెడును. అంతేకాదు, ఆట మొదలు పెట్టకముందే ముక్కలనన్నింటిని ఎవరికిని తెలియకుండ కలిపి పంచవలెను. నలుగురు ఒకే చాపమీద కూర్చున్నప్పుడు ఇది చిన్న పని. ఒకరు కలుపుదురు, వేరొకరు తమకు తోచినట్లు ముక్కలు తీసికొందురు, ఎనిమిది కన్నులు కాపలా కాయుచుండును.

నేడు ఒకరు విశాఖపట్టణమునను, ఒకరు వరంగల్లునను, ఒకరు దుబాయిలోను, ఒకరు అమెరికాలోను కూర్చుండి సెల్‌ఫోనులలో డామినోలాడుకొనవచ్చును. అచట చాప లేదు, చేతికి తగులు బిళ్ళ లేదు. అద్దముమీద బొమ్మలు మాత్రమే గలవు. మరి ఆ బిళ్ళలను కలుపువారెవరు? కలిపినవారు తమవైపు మొగ్గు చూపలేదని మిగిలినవారు తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్న పిల్లల తగవువలె కనిపించును గాని, దీనికి సమాధానము వెదకుటలో గొప్ప గణితవేత్తలు పాల్గొనిరి. ఆ చరిత్రను తెలిసికొనుటకు ముందు బిళ్ళల చరిత్రను కొంత చూతము.

బిళ్ళల పుట్టుక

డామినోలకు తొలి యిల్లు చైనా. అచటి బిళ్ళలు పాచికలనుండి పుట్టినవి. రెండు పాచికలను దొర్లించినచో 1–1 మొదలు 6–6 వరకు 21 విధములుగ చుక్కలు పడును. ఒక్కొక్క విధమునకు ఒక్కొక్క బిళ్ళ యేర్పడినది. చైనా కట్టలో ఈ 21 రకములలో 11 రకములకు రెండేసి బిళ్ళలును, మిగిలిన 10 రకములకు ఒక్కొక్క బిళ్ళయు ఉండును. మొత్తము 32.

ఐరోపాలో ఈ ఆట 18వ శతాబ్దియందు ఇటలీ, ఫ్రాన్సు దేశములలో కానవచ్చినది. 1771 నాటి ఫ్రెంచి నిఘంటువొకటి దీనిని పేర్కొనినది. ఆ శతాబ్ది చివరకు ఇంగ్లండు చేరినది. ఎముకను గాని దంతమును గాని చెక్కి, నల్లని చేవకర్రకు అంటించి బిళ్ళలు చేసెడివారు. ఇంగ్లీషువారు వీనిని నేటికిని ‘ఎముకలు’ అనుటకు కారణమిదే.

ఐరోపా బిళ్ళలయందొక ముఖ్యమైన మార్పు గలదు. ఒకటి మొదలు ఆరు వరకు గల చుక్కలతో పాటు, చుక్కలేమియు లేని ఖాళీ గడి కూడ వచ్చి చేరినది. దీనిని మనము సున్నగా లెక్కింపవచ్చును. ఇప్పుడు గుర్తులు ఏడు: 0, 1, 2, 3, 4, 5, 6. వేర్వేరు గుర్తులు గల బిళ్ళలు 21, రెండువైపుల ఒకే గుర్తు గల జంట బిళ్ళలు 7, వెరసి 28. ప్రతి గుర్తును కట్టలో సరిగా 8 మారులు వచ్చును. కావున మొత్తము చుక్కలు 8 × 21 = 168. క్యూబాలో పలువురు తొమ్మిది చుక్కలవరకు గల కట్టతో ఆడుదురు. అందు 55 బిళ్ళలుండును.

ఆట నియమము సులభము. నలుగురు రెండు జట్లుగా కూర్చుండి తలకు ఏడు బిళ్ళలు తీసికొందురు. వరుసగా పేర్చిన బిళ్ళల రెండు కొనలలో దేనికైన సరిపోవు బిళ్ళను ఒక్కొక్కరు చేర్చుచు పోవుదురు. సరిపోవు బిళ్ళ లేనివాడు తన వంతు వదలుకొనును. వాడు నోరు మెదపకున్నను, ‘ఈ రెండు గుర్తులును నాయొద్ద లేవు’ అని అందరకు తెలిపినట్లే. నేర్పరియైన ఆటగాడు ఇట్టి సూచనలను గుర్తుంచుకొని ఎదుటివాని చేతిని ఊహించును. ఇద్దరే ఆడునపుడు చెరి ఏడు తీసికొని, మిగిలిన 14 బిళ్ళలను బోర్లించి కుప్పగా నుంచుదురు.

ఒకే వరుసలో ఇరువది యెనిమిది

ఇరువది యెనిమిది బిళ్ళలను, ఒక్కటియు మిగులకుండ, ఒకే వరుసగా పేర్చవచ్చునా? ఈ ప్రశ్నకు మూలము 1736లో స్విట్జర్లండు గణితవేత్త ఆయిలరు పరిష్కరించిన కోనిగ్స్‌బర్గు వంతెనల సమస్యయందు గలదు. ఏడు గుర్తులను ఏడు బిందువులుగా వ్రాసి, ప్రతి రెండు బిందువులను ఒక గీతతో కలుపుడు. ఏడు భుజములు, పదునాలుగు కర్ణములు గల సప్తభుజి యేర్పడును. ఈ 21 గీతలును జంటలు కాని 21 బిళ్ళలు. బిళ్ళలను వరుసగా పేర్చుటయనగా, కలము ఎత్తకుండ, గీసిన గీతను మరల గీయకుండ ఈ బొమ్మను పూర్తి చేయుటయే.

ఆయిలరు చెప్పిన సూత్రము ప్రకారము ప్రతి బిందువు వద్దను కలియు గీతల సంఖ్య సరిసంఖ్య యైనచో ఇది సాధ్యము. దారిలో నున్న ప్రతి బిందువునకు ఒక గీతతో వచ్చి మరియొక గీతతో పోవలెను గదా! సప్తభుజిలో ప్రతి బిందువువద్ద 6 గీతలుండును. కాబట్టి వరుస సాధ్యమే. అంతేకాక, మొదలుపెట్టిన గుర్తుతోనే అది ముగియును. బేసి భుజములు గల బహుభుజిని కర్ణములన్నిటితో గూడ ఒకే గీటున గీయవచ్చునని ఫ్రాన్సు దేశస్థుడైన పోయిన్సో 1809లో వివరించెను.

అట్టి వరుసలు ఎన్ని? రైస్ అను గణితజ్ఞుడు ఈ లెక్కను కట్టగా 1871లో అది వెలువడినది. 1886లో టారీ అనునతడు మరింత సులువైన మార్గమున అదే సంఖ్యను రాబట్టెను. సప్తభుజిని ఒకే గీటున చుట్టివచ్చు మార్గములు 12,99,76,320. ప్రతి బిందువుగుండ మార్గము మూడు మారులు పోవును గనుక, ఆ గుర్తుగల జంట బిళ్ళను మూడు చోట్లలో ఎచటనైన ఉంచవచ్చును. ఏడు జంటలకు 3 యొక్క 7వ ఘాతము, అనగా 2,187 విధములు. అట్లేర్పడిన వలయమును 28 చోట్లలో ఎచటనైన తెంపి వరుసగా చేయవచ్చును. మూడింటిని గుణింపగా 79,59,22,99,31,520 వచ్చును. సుమారు ఎనిమిది లక్షల కోట్లు.

ఖాళీ గడి లేనిచో, అనగా ఆరు గుర్తులే యున్నచో, ప్రతి బిందువువద్ద 5 గీతలే యుండును. ఐదు బేసిసంఖ్య. అట్టి 21 బిళ్ళలను ఎంత యత్నించినను ఒకే వరుసగా పేర్చజాలము. కనీసము మూడు వరుసలు కావలెను.

దూరమున నున్నవారితో ఆట

దూరదేశస్థులు కలసి ఆడుట క్రొత్త కాదు. 1824 మొదలు 1828 వరకు లండను, ఎడిన్‌బరో నగరముల చదరంగ సంఘములు ఉత్తరములమూలమున పోటీపడెను. ఎడిన్‌బరో గెలిచినది. 1844లో వాషింగ్టను, బాల్టిమోరు నగరములనడుమ మోర్సు టెలిగ్రాఫు తంతి వేసిన కొలది మాసములకే ఆ తంతిమీద చదరంగము ఆడిరి. గడులకు సంఖ్యలుంచి, ఎత్తును సంఖ్యగా పంపినచో చాలును. చదరంగమున రహస్యము లేదు గనుక తంతి ఒక్కటే సరిపోయినది.

డామినోలకు తంతి చాలదు. ‘నాకు ఈ ఏడు బిళ్ళలు వచ్చినవి’ అని ఒకరు తంతి కొట్టినచో రెండవవారు నమ్ముట యెట్లు? ఒకరు పంచి రెండవవారి బిళ్ళలను తెలిపినచో పంచినవారికి అన్నియు తెలిసిపోవును. కనుక నడుమ ఒక మధ్యవర్తి కావలెను. ఆ మధ్యవర్తి స్థానమున కంప్యూటరు వచ్చి కూర్చున్నది.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 1960లో ప్లేటో అను విద్యాబోధన యంత్రవ్యవస్థ ఆరంభమైనది. పాఠములు చెప్పుటకొరకు ఏర్పరచిన ఆ వ్యవస్థకు 1972 నాటి నాలుగవ రూపములో ఎన్నియో తెరలు ఒకే కంప్యూటరుకు తగిలింపబడినవి. వేర్వేరు గదులలో, వేర్వేరు ఊళ్ళలో నున్న విద్యార్థులు వానిమీద కలసి ఆటలాడిరి, మాటలాడుకొనిరి. ఇంతలో 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని రెండు కంప్యూటరులమధ్య ఆర్పానెట్టు అను వలలో తొలి సందేశము నడచినది. సందేశమును చిన్నచిన్న పొట్లములుగా విడదీసి, ఒక్కొక్కదానిపై చిరునామా వ్రాసి, ఖాళీగానున్న దారిని పంపు పద్ధతి దీనికి ఆధారము. 1983 జనవరి 1 నుండి ఆ వల ఒకే సందేశ నియమావళిని అనుసరించినది. ఇదియే నేటి ఇంటర్నెట్టునకు పునాది. మన దేశమున విద్యాసంస్థలకొరకు ఎర్నెట్టు 1986లో ఆరంభమైనది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు అందించినది.

ఇప్పుడు మిత్రుడొకడు తన సెల్‌ఫోనులో ఒక బిళ్ళను వ్రేలితో జరిపినపుడు జరుగునదేమి? ఆ ఎత్తు ఒక చిన్న పొట్లమై, ఆటను నడుపు కంప్యూటరునకు, అనగా సర్వరుకు, పోవును. అది న్యాయమైన ఎత్తేనా, వంతు వానిదేనా యని సర్వరు సరిచూచి, మిగిలిన మువ్వురకును తెలియజేయును. ఇచట పాటింపవలసిన నియమమొకటి గలదు. సర్వరు ఒక్కొక్కరి ఫోనుకు వారివారి బిళ్ళలను మాత్రమే పంపవలెను. నలుగురి బిళ్ళలను నాలుగు ఫోనులకును పంపి, ‘పరులవి చూపకుము’ అని ఫోనును శాసించినచో చాలదు. ఫోను ఆటగాని చేతిలోని వస్తువు. దాని లోపలి సమాచారమును చదువుట నేర్చినవానికి కష్టము కాదు.

కలుపుట యను కళ

సర్వరు బిళ్ళలను కలుపుట యెట్లు? 1938లో ఫిషరు, యేట్సు అను గణాంకశాస్త్రజ్ఞులు తమ పట్టికల గ్రంథమున కాగితము, పెన్సిలులతో కలుపు పద్ధతిని చెప్పిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు 1948లో కేంబ్రిడ్జియందు డాక్టరేటు పొందినది ఈ ఫిషరు పర్యవేక్షణముననే. 1964లో డర్‌స్టెన్‌ఫెల్డు ఆ పద్ధతిని కంప్యూటరునకు అనువుగా మార్చెను. 28 బిళ్ళలలో ఏదో యొకదానిని ఎన్నుకొని చివరి చోట ఉంచుము. మిగిలిన 27లో ఒకదానిని దానికి ముందు చోట ఉంచుము. ఇట్లు తుదివరకు చేయుము. ప్రతి అమరికకును సమానావకాశము లభించును.

దీనిని పోలినదే మరియొక పద్ధతి చూచుటకు ఇంకను సులువుగా కనిపించును: ప్రతి చోటనున్న బిళ్ళను మొత్తములో ఏదో యొక చోటి బిళ్ళతో మార్చుకొనుచు పోవుట. ఇది తప్పు. మూడు బిళ్ళలతోనే చూతము. మూడు మారులు, మారునకు మూడు అవకాశములు; మొత్తము 3 × 3 × 3 = 27 దారులు. మూడు బిళ్ళల అమరికలు 6. ఇరువది యేడింటిని ఆరింటికి సమముగా పంచలేము గదా! లెక్కించి చూచినచో మూడు అమరికలకు ఐదేసి దారులును, మూడింటికి నాలుగేసి దారులును వచ్చును. పంపకము ఆరంభముననే వంకర యైనది.

పద్ధతి సరియైనను మరియొక చిక్కు గలదు. కంప్యూటరు తనంత తాను యాదృచ్ఛిక సంఖ్యలను సృజింపజాలదు. ఒక ఆరంభ సంఖ్యను తీసికొని, దానినుండి లెక్కచేత వరుసగా సంఖ్యలను పుట్టించును. ఆ సంఖ్యను ‘బీజము’ అందురు. బీజము తెలిసినవానికి పంపకమంతయు తెలిసినట్లే. 28 బిళ్ళలను నలుగురకు ఏడేసి చొప్పున పంచు విధములు 47,25,18,34,75,58,400. బీజమును గడియారమునుండి, నాటి అర్ధరాత్రి మొదలు గడచిన మిల్లీ సెకనులుగా తీసికొన్నచో, దినమునకు బీజములు 8,64,00,000 మాత్రమే. అనగా సాధ్యమైన పంపకములలో సుమారు 54 లక్షల 69 వేలకు ఒక్కటి మాత్రమే ఎన్నడైనను రాగలదు. మిగిలినవి ఎంతకాలమాడినను రావు.

ఇది ఊహ కాదు. 1999లో అమెరికాలోని పరిశోధకులు కొందరు ఇంటర్నెట్టులో నడచుచున్న ఒక పేకాట కార్యక్రమమును పరిశీలించిరి. కలుపు విధానము ప్రకటింపబడియే యున్నది. అందు పైన చెప్పిన వంకర పద్ధతియు గలదు, గడియారపు బీజమును గలదు. సర్వరు గడియారముతో తమ గడియారమును సరిపోల్చుకొని వారు బీజములను సుమారు రెండు లక్షలకు తగ్గించిరి. తరువాత తమ చేతి ముక్కలను, బల్లమీద విప్పిన కొన్ని ముక్కలను చూచినంతనే మిగిలినవారి ముక్కలన్నియు తేలిపోయినవి. డబ్బు పణముగా పెట్టి ఆడుచున్నవారికి తమ ముక్కలు ఎదుటివానికి కనబడగలవన్న సంగతి తెలియనే తెలియదు.

రెండు తాళముల ఉపాయము

మధ్యవర్తి లేకుండ ఇద్దరే, దూరమునుండి, న్యాయముగా పంచుకొనవచ్చునా? ఈ ప్రశ్నను మాసచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు చెందిన షమీరు, రివెస్టు, ఏడెల్మను 1979లో పేకాట విషయమున విచారించిరి. వారి సమాధానము చిత్రమైనది. ఒకవైపు ‘సాధ్యము కాదు’ అని నిరూపించి, వేరొకవైపు ‘ఇదిగో విధానము’ అని చూపిరి. లెక్క కట్టుటకు అపరిమితమైన కాలము, శక్తి గలవానిని ఏ తాళమును ఆపలేదు. కావున సిద్ధాంతరీత్యా అసాధ్యము. కాని మనుష్యులకును యంత్రములకును కాలము పరిమితము. కావున ఆచరణలో సాధ్యము.

ఆ విధానమును డామినోలకు అన్వయించి చూతము. విశాఖపట్టణమున రామయ్య, దుబాయిలో సోమయ్య ఉన్నారనుకొందము. రామయ్య 28 బిళ్ళలను ఒకే రూపుగల 28 పెట్టెలలో ఒక్కొక్కటిగా ఉంచి, ప్రతిదానికి తన తాళము వేసి, పెట్టెలను కలిపి సోమయ్యకు పంపును. ఏ పెట్టెలో ఏమున్నదో సోమయ్యకు తెలియదు. అతడు ఏడు పెట్టెలను తీసి రామయ్యకు తిప్పి పంపును. రామయ్య వానిని తెరచి తన చేతి బిళ్ళలుగా తీసికొనును. సోమయ్య మరి యేడింటిని తనకొరకు ఎన్నుకొని, వానికి తన తాళమును కూడ వేసి పంపును. రామయ్య తన తాళమును మాత్రము తీసి మరల పంపివేయును. ఇప్పుడు వానిపై సోమయ్య తాళమొక్కటే యున్నది. దానిని అతడే తెరచుకొనును. మిగిలిన 14 పెట్టెలు కుప్ప. ఆట ముగిసిన పిమ్మట ఇద్దరును తమ తాళపుచెవులను బయటపెట్టినచో ఎవరును మోసము చేయలేదని సరిచూచుకొనవచ్చును.

రెండు తాళములను ఏ వరుసలో వేసినను, ఏ వరుసలో తీసినను చిక్కు రాని పెట్టె కావలెను. అట్టి పెట్టె గణితమున గలదు. 29 ప్రధాన సంఖ్య. ప్రతి లెక్కయందును 29 చేత భాగించి శేషమును మాత్రమే తీసికొందము. బిళ్ళలకు 1 మొదలు 28 వరకు సంఖ్యలు వేయుదము. తాళము వేయుటయనగా సంఖ్యను ఒక ఘాతమునకు పెంచుట. రామయ్య తాళము 3, దాని చెవి 19. సోమయ్య తాళము 5, దాని చెవి 17. తాళమును చెవిని గుణించి 28 చేత భాగించినచో రెండుచోట్లను శేషము 1 వచ్చును: 57లోను ఒకటే, 85లోను ఒకటే. ఫెర్మా 1640లో చెప్పిన సిద్ధాంతము వలన, ఇట్టి చెవి తన తాళమును తప్పక తెరచును.

2వ బిళ్ళను తీసికొందము. రామయ్య తాళము వేసిన 2 యొక్క 3వ ఘాతము 8. దానికి సోమయ్య తాళము వేసిన 8 యొక్క 5వ ఘాతము 32,768. 29 చేత భాగింపగా శేషము 27. రామయ్య తన చెవితో 27ను 19వ ఘాతమునకు పెంచగా శేషము 3. సోమయ్య తన చెవితో 3ను 17వ ఘాతమునకు పెంచగా శేషము 2. మొదటి బిళ్ళయే మరల బయటికి వచ్చినది! నడుమ 8, 27, 3 అను ముసుగులు మాత్రమే కనబడినవి. 29 వంటి చిన్న సంఖ్యతో వేసిన తాళమును పాఠశాల విద్యార్థియే విప్పగలడు. ఆచరణలో వందల అంకెలుగల ప్రధాన సంఖ్యలను వాడుదురు.

సందునుండి జారిన రహస్యము

ఇంత పకడ్బందీ విధానమునందును ఒక సందు గలదని లిప్టను అను శాస్త్రజ్ఞుడు కొలదికాలములోనే చూపెను. 1 నుండి 28 వరకు గల సంఖ్యల వర్గములను 29 చేత భాగించి శేషములు వ్రాసినచో 1, 4, 5, 6, 7, 9, 13, 16, 20, 22, 23, 24, 25, 28 అను 14 సంఖ్యలు మాత్రమే వచ్చును. వీనిని వర్గశేషములందురు. వర్గశేషమునకు ఇట్టి తాళము వేసినను వర్గశేషమే వచ్చును. కానిదానికి వేసిన కానిదే వచ్చును. పై ఉదాహరణలోని 2, 8, 27, 3 సంఖ్యలను జాబితాలో వెదకుడు: ఒక్కటియు లేదు. కావున మూసిన పెట్టెను చూచియే ‘ఇది ఈ సగములోని బిళ్ళ’ అని చెప్పవచ్చును. సగము రహస్యము బయటపడినట్లే.

ఈ సందును పూడ్చుటకై గోల్డ్‌వాసరు, మికాలి అనువారు 1982లో క్రొత్త పద్ధతిని చూపిరి. ఒకే సంఖ్యకు తాళము వేసిన ప్రతిసారియు వేరొక ముసుగు వచ్చునట్లు, తాళమునందే యాదృచ్ఛికతను కలిపిరి. రహస్యమును దాచుటయన్న, దానిలోని స్వల్పాంశము కూడ జారకుండ దాచుటయని వారు ఖచ్చితముగా నిర్వచించిరి. బ్యాంకు లావాదేవీలను, ఉత్తరములను కాపాడు నేటి గుప్తలిపి శాస్త్రమునకు ఈ నిర్వచనము మూలస్తంభము. షమీరు, రివెస్టు, ఏడెల్మనులకు 2002లోను, గోల్డ్‌వాసరు, మికాలిలకు 2012లోను ట్యూరింగు బహుమానములు లభించినవి. దూరమునుండి పేకాడుట యెట్లన్న ప్రశ్న ఇంతవరకు నడిపించినది.

వాడుకలో నున్న ఆటలు చాలవరకు సర్వరునే నమ్మి నడచుచున్నవి. రెండు తాళముల విధానము నలుగురకు విస్తరించినపుడు సందేశముల రాకపోకలు పెరుగును. ఒకరి ఫోను మధ్యలో ఆగినచో ఆటయే నిలిచిపోవును. మిత్రులు సరదాకు ఆడుకొనునపుడు సర్వరును నమ్ముటలో నష్టము లేదు. డబ్బు ముట్టినచో సంగతి వేరు. కలుపువాడే డబ్బు వసూలు చేయువాడైనపుడు, వాని బీజమును చూడజాలని ఆటగాడు కన్నులు మూసికొని కూర్చున్నట్లే. డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను చట్టసవరణలద్వారా నిషేధించినవి. 2025లో పార్లమెంటును అట్టి నిషేధపు చట్టమును చేసినది. చట్టముతోపాటు, పంపకము వెనుకనున్న లెక్క కూడ మన విద్యార్థులకు తెలియుట అవసరము. ‘ఈసారి మంచి ముక్కలు వచ్చును’ అను ఆశ పుట్టుచోటు ఆ లెక్కయే.

గణితమునకు అందని మోసమును ఒకటి గలదు. ఒకే జట్టులోని మిత్రులిద్దరు వేరొక ఫోనులో తమ బిళ్ళలను చెప్పుకొన్నచో ఏ తాళమును వారిని ఆపలేదు. చాపమీద నున్నప్పుడు ఎదుటివారి చూపులే ఆ పనికి అడ్డు. దూరమున ఆడునపుడు అది ఆటగాని నిజాయితీకి విడువబడినది. కనుకనే ఇట్టి ఆట మిత్రులమధ్య ఇంపుగా సాగును గాని, ముఖమెరుగనివారిమధ్య సాగుట కష్టము.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు అట్టముక్కలతో 28 బిళ్ళలను చేయించినచో ఒక గంటలో ఎంతో గణితమును చూపవచ్చును. మొదట విద్యార్థులచేత బిళ్ళలన్నింటిని ఒకే వరుసగా పేర్పింపుడు. రెండు కొనలును ఒకే గుర్తుతో ముగియుట వారే గమనింతురు. పిమ్మట ఆరు చుక్కలుగల ఏడు బిళ్ళలను తీసివేసి, మిగిలిన 21ని పేర్చుమనుడు. ఎందుకు సాధ్యము కాలేదో బిందువులు, గీతలు వేసి చెప్పింపుడు. తరువాత మూడు బిళ్ళలు తీసికొని, వంకర పద్ధతిలోని 27 దారులను పలకమీద వ్రాయింపుడు. పై తరగతులవారు 29తో తాళములు వేసి చూడవచ్చును. 3, 5లకు బదులు 9, 11 తాళములుగా తీసికొని, వాని చెవులేవో కనుగొనవలెను.

చివరకు ఒక ప్రశ్న. క్యూబావారి కట్టలో 0 మొదలు 9 వరకు పది గుర్తులు, 55 బిళ్ళలు గలవు. వానినన్నింటిని ఒకే వరుసగా పేర్చవచ్చునా? పేర్చలేనిచో కనీసము ఎన్ని వరుసలు కావలెను? పై ఆయిలరు సూత్రమును అనుసరించి, బిళ్ళలను ముట్టకుండనే సమాధానము చెప్పవలెను.